మల్లెపూలు అయిపోయిన రోజు

మొన్న సాయంత్రం కాలేజీ నుంచి వస్తూ బస్టాండు సందులో మల్లెపూలు కొందామని ఆగాను. పూలమ్మే ఆవిడ మూర కొలుస్తూ కొలుస్తూ ఆగి నా మొహంలోకి చూసింది. "నువ్వు కాలవ పెద్దాయన కోడలివి గదమ్మా? పోయాడంటగా పాపం" అంది. పోయిన చలికాలంలో పోయారని చెప్పాను. ఆవిడ దండ చేతిలో అలాగే పట్టుకుని ముందు అయ్యో అంది, ఆ వెంటనే నవ్వటం మొదలుపెట్టింది. పోయిన మనిషిని తలుచుకుని అలా నవ్వితే నాకు కోపం రావాలి. రాలేదు. మా మామగారు గుర్తొస్తే నాకూ ముందు నవ్వే వస్తుంది, ఏడుపు దాని వెనకాల వస్తుంది. ఆవిడ ఎందుకు నవ్విందో చెప్పాలంటే ముందు ఆయన ఎలాంటి మనిషో చెప్పాలి.

మా మామగారు సాగర్ కుడి కాలువ మీద లష్కరుగా చేసి రిటైరయ్యారు. లష్కరంటే కాలువ గట్టున తిరుగుతూ తూములు ఎత్తి దించే మనిషి. ఉద్యోగం మొదట్లో విజయపురి సౌత్‌లో ఉండేవారట. తర్వాత బదిలీల మీద బదిలీలై, నీళ్ళతో పాటే కిందికి జరుగుతూ జరుగుతూ నరసరావుపేట చేరారు. రిటైరైనా కాలువ మాత్రం ఆయన్ని వదల్లేదు. చేతిలో కర్ర లేకుండా గడప దాటేవారు కాదు. ఆ కర్ర ఊతానికి కాదు, దారిలో మురుక్కాలవలకి అడ్డం పడ్డ ప్లాస్టిక్ కవర్లు లాగి పక్కన పడెయ్యటానికి. రోడ్డు మీద బళ్ళు ఆగిపోతే "పైన ఎవడో తూము మూశాడు" అనేవారు. పెళ్ళిలో భోజనాల బంతి కదలకపోయినా, ఎవరి కేసో కోర్టులో ఏళ్ళ తరబడి నలుగుతున్నా ఆయన దృష్టిలో కారణం ఒకటే. ఎక్కడో పూడిక చేరింది.

ఆయన నాతో మాట్లాడేవారు కాదు. కోపం కాదు, చిన్నచూపు కాదు. వాళ్ళింట్లో మామ కోడలితో ఎదురుగా మాట్లాడడు, అది మర్యాద. నేనేమో కాలేజీలో వెనక బెంచీ దాకా వినపడేలా పాఠం చెప్పి చెప్పి ఇంటికి వచ్చే మనిషిని. పెళ్ళైన కొత్తలో నాకు భలే చిక్కుగా ఉండేది. కాఫీ ఇస్తే గ్లాసు వైపు చూసి "చక్కెర ఎక్కువైంది" అని గ్లాసుకి చెప్పేవారు. వాన వస్తుంటే దండెం మీది బట్టలతో "తడవబోతున్నారు" అనేవారు. కొన్నాళ్ళకి నేనూ నేర్చుకున్నాను. "బీపీ మాత్ర వేసుకోలేదు ఇంకా" అని గోడకి చెబితే గోడ ఆయనకి చెప్పేది.

పాప పుట్టాక మా ఇద్దరి మధ్యా ఫోను పెట్టించినట్లయింది. ఆయన వరండాలో కూర్చుని "ఏమ్మా, మీ అమ్మ అన్నం తిన్నదా?" అని ఒళ్ళో పిల్లని అడిగేవారు. "తిన్నదని చెప్పవే తాతయ్యకి" అనేదాన్ని నేను లోపల్నుంచి. ఏ కబురు ఎవరిదో తెలియని ఆ పిల్ల అటూ ఇటూ చూసి బోసినోటితో నవ్వేది.

ఇక ఆయన దగ్గు. బాలింత ఉన్న ఇల్లని, నేను పాలిస్తుంటానేమోనని, గేటు దగ్గర ఒకసారి, మెట్ల దగ్గర ఒకసారి, తలుపు దగ్గర ఇంకా గట్టిగా దగ్గేవారు. లోపల్నుంచి అత్తయ్య రమ్మనేదాకా ఆ ఎండలోనే నిలబడేవారు. నాకు మర్యాద చెయ్యటానికి దగ్గిన ఆ దగ్గుకి పాప ఉలిక్కిపడి, పాలు వదిలేసి, గుమ్మం వైపు తల తిప్పి చూసేది. మళ్ళీ నోరు అందించి బుజ్జగించేసరికి ఆయన రెండో విడత దగ్గేవారు. ఆయన మర్యాద వల్ల మా పాప సగం కడుపుతో నిద్రపోయిన రోజులున్నాయి.

ఇంకొక్కటి చెప్పి అసలు సంగతికి వస్తాను. ఆయన అబద్ధం ఆడరు. కాలువ మీద పనిచేసిన రోజుల్లో ఒక ఊరి వాళ్ళు, పక్క ఊరి వాళ్ళకి నీళ్ళింకా రాలేదని చెప్పమని బతిమాలితే, అటు వాళ్ళు వచ్చే వేళకి గట్టు దిగి ఎటో వెళ్ళిపోయేవారట కానీ ఆ మాట మాత్రం అనలేదట. ఇంటి దగ్గరా అంతే. చీటీపాట ఆవిడ వచ్చినప్పుడు అత్తయ్య "నేను లేనని చెప్పు" అని సైగ చేస్తే, ఆయన ముందు లోపలికి వచ్చి అత్తయ్యని పెరటి గుమ్మం దాటించేవారు. ఆమె రెండు కాళ్ళూ బయటపడ్డాయో లేదో వంగి చూసుకునేవారు. అప్పుడు తాపీగా వాకిట్లోకి వెళ్ళి "ఇంట్లో లేదమ్మా" అనేవారు. ఈలోపు ఆ వచ్చినావిడ పెరట్లో అత్తయ్య నెత్తి చూడనే చూసేది.

అదీ మనిషి. ఇక ఆ రోజు సంగతి.

పాపకి మూడో నెల నిండి, నేను పుట్టింటి నుంచి వచ్చిన కొద్ది రోజులకే ఇది జరిగింది. మంచి ఎండాకాలం. మా ఆయనకి విజయవాడలో ఉద్యోగం, శనివారం వచ్చి సోమవారం తెల్లారే బస్సెక్కేవాడు. ఒక గురువారం పొద్దున లేచేసరికి నా ఎడమ రొమ్ము గట్టిగా బిగిసిపోయి ఉంది. చంక వైపు రేగ్గాయంత గడ్డ చేతికి తగులుతోంది. దాని పైన చర్మం ఎర్రగా కందిపోయింది. పాప నోరు పెట్టగానే ప్రాణం పోయినంత పనైంది. బిడ్డని ఒక్కసారి దూరంగా నెట్టేద్దామనిపించింది, అలా అనిపించినందుకు వెంటనే ఏడుపొచ్చింది. పాలు చేపుకొచ్చి, బయటికి దారి లేక, లోపలే నిలిచిపోతే ఎలా ఉంటుందో అది పడ్డవాళ్ళకే తెలుస్తుంది. చెయ్యి పైకెత్తలేను, పక్కకి తిరిగి పడుకోలేను, జాకెట్టు గుడ్డ రాసుకుంటే ఓర్చుకోలేను.

ఆ వారమే బెల్లంకొండ నుంచి పెద్దత్త వచ్చి ఉంది. పెద్దత్త అంటే మామగారి అక్క. ఆవిడ ఇంట్లో ఉంటే మామగారు కూడా పిల్లాడైపోయేవారు. అత్తయ్య ఆవిడ మాటకి ఎదురు చెప్పిన రోజు నేను చూడలేదు. పెద్దత్త గడ్డ చూసింది, దిష్టి అని తేల్చింది. ఎండుమిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేసింది. ఘాటు రాకపోతే, ఎవరికీ దగ్గు రాకపోతే దిష్టి ఉన్నట్టు లెక్క. అందరం ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. సరిగ్గా అప్పుడే గేటు దగ్గర మామగారు దగ్గారు. మెట్ల దగ్గర మళ్ళీ దగ్గారు. అది మిరపకాయల దగ్గో మర్యాద దగ్గో తేలక పెద్దత్త పట్టకారు చేతిలో పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయింది.

"ఒరేయ్, నీకు దగ్గటానికి ఇదే దొరికిందిరా టైము?" అంది.

"అక్కా, నేను రోజూ దగ్గేదే గదా" అన్నారాయన బయట నుంచి.

ఆ నొప్పిలో కూడా నేను నవ్వాను. నవ్వితే ఇంకా నొప్పెట్టింది.

దిష్టి అలా మధ్యలో ఆగిపోయాక ఇత్తడి చెంబులో మరిగే నీళ్ళు పోసి దానితో కాపడం పెట్టారు. అదీ పనిచెయ్యకపోతే అత్తయ్య పట్టుకుంటే పెద్దత్త గడ్డని నొక్కి పిండటానికి చూసింది. నా కేకకి వీధిలో ఎవరో ఆగి ఏమైందని అడిగారు. ఎండ ఎక్కేసరికి నాకు చలి మొదలైంది, నడి ఎండాకాలంలో దుప్పటి కప్పుకున్నాను. మా ఆయనకి ఫోన్ చేస్తే "ఆగు, నెట్లో చూస్తా" అన్నాడు. కాసేపటికి ఎవరో తెల్లామె చేతులు తిప్పుతూ మాట్లాడే వీడియోలు వరసగా పంపి, కింద "పెద్దత్త అనుభవం గల మనిషి, ఆమె చెప్పినట్టు చెయ్యి" అని రాశాడు.

అప్పుడు పెద్దత్త ఆఖరి మాట చెప్పింది.

"ఇంక పాలు ఆపెయ్యటమే. మల్లెపూలు రెండు పక్కలా పరిచి గుడ్డతో బిగించి కట్టుకో. రెండు రోజుల్లో పాలు ఎనక్కి పోతయ్. పిల్లకి డబ్బా పాలు పట్టుకుందాం. జ్వరం పాలు పడవు దానికి."

నేను వద్దని గొణిగాను. పెద్దత్త నన్ను కసరలేదు. నా పక్కన కూర్చుని జాకెట్టు కొంచెం పక్కకి తీసి చూపించింది. అక్కడ పాత మచ్చ ఒకటి, చర్మం లోపలికి ముడుచుకుపోయి ఉంది. "నా పెద్దోడప్పుడు ఇట్టాగే గడ్డ కట్టి చీము పట్టిందే. కోశారు. నీకు ఆ పాట్లు వద్దనే చెప్తన్నా" అంది. ఆవిడ నా మంచే కోరింది. అందుకే నాకు ఇంకా భయం వేసింది. చెడ్డవాళ్ళతో అయితే పోట్లాడతాం. ఆ మచ్చతో ఎలా పోట్లాడతాం?

కానీ నాకు పాలు మాన్పించటం ఇష్టం లేదు. జూన్‌లో కాలేజీ తెరిస్తే ఎటూ పగలంతా దూరం ఉండాల్సిందే. ఆ మిగిలిన కొద్ది రోజులూ నావి. పాప పాలు తాగుతూ ఒక చెయ్యి నా మెళ్ళో గొలుసుకి తగిలించి, మధ్యలో ఆగి, నా మొహం ఒకసారి చూసి, నేనే అని నమ్మకం కుదిరాక మళ్ళీ తాగేది. ఆ చూపు నాకు కావాలి. అంతకు మించి పెద్ద కారణమేమీ లేదు.

పెద్దత్త వరండాలోకి కేకేసింది. "ఒరేయ్, బజారుకి పోయి మల్లెపూలు పట్రా. దండిగా తే, మూరా రెండు మూరలూ చాలవు."

మామగారు కర్ర, గుడ్డ సంచీ తీసుకున్నారు. వెళ్ళేముందు అలవాటు ప్రకారం తలుపు దగ్గర దగ్గి, అత్తయ్య ఒళ్ళో ఉన్న పాపతో అన్నారు. "ఏమ్మా, మీ అమ్మకి ఎట్టా ఉంది?"

దుప్పటి లోంచే చెప్పాను. "తాతయ్యకి చెప్పవే. నాకు పాలు ఆపుకోవటం ఇష్టం లేదు. ఆ పూలు దొరక్కపోతే బాగుండునని చెప్పు."

అత్తయ్య నా వైపు చూసి తల దించుకుంది. పాప నవ్వింది. కర్ర చప్పుడు మెట్లు దిగింది, గేటు దాటింది. మామూలుగా గేటు పక్క మురుక్కాలవ దగ్గర ఆగేవారు, ఆ రోజు అక్కడా ఆగలేదు. పాలు అనే మాట నేను ఆయన ముందు అన్నందుకు నొచ్చుకున్నారేమో అనుకున్నాను. వాళ్ళక్క మాట ఆయన కాదనరని నాకు తెలుసు. ఇంక పూలు వస్తాయి, కడతారు, అయిపోతుంది అనుకుని గోడ వైపు తిరిగి పడుకున్నాను.

ఆయన రాలేదు. వంటైంది, తిన్నారు, ఆయన రాలేదు. బజారు ఎంతో దూరం కూడా కాదు. పెద్దత్త గుమ్మానికీ వంటింటికీ తిరుగుతూ "పూలు తెమ్మంటే తోట వెయ్యటానికి పోయాడా ఏంది" అంది. అత్తయ్య ఫోన్ చేస్తే ఆయన ఫోను వరండాలో కుర్చీ కిందే మోగింది. ఎండ గోడ దిగి పక్కింటి వైపు పోయాక గేటు దగ్గర దగ్గు వినపడింది. సంచీ ఖాళీగా ఉంది. మొహం ఎర్రగా కమిలిపోయి, చొక్కా మొత్తం తడిసిపోయి ఉంది.

"పూలేవిరా?" అంది పెద్దత్త.

"లేవక్కా. అయిపోయినయ్యంట."

"ఎండాకాలం నరసరావుపేటలో మల్లెపూలు అయిపోయినయ్యా? ఎవరికి చెప్తన్నావ్ రా?"

"అమ్మే ఆమే చెప్పింది. మళ్ళీ రేపు పొద్దున వస్తయ్యంట."

పెద్దత్త ఆయన మొహంలోకి చూసింది. ఆయన అబద్ధం ఆడరని ఆవిడకి మాకంటే ముందు నుంచీ తెలుసు. ఖాళీ సంచీ తీసుకుని ఒకసారి దులిపి చూసింది. ఆయన అదే అదనుగా పాప వైపు తిరిగి గబగబా చెప్పారు.

"పాపా, పూలు ఎటూ రేపటికి గదా. ఈలోపు డాక్టరమ్మ చూస్తే పోయేదేముంది. ఆటో గేటు దగ్గర పెట్టా. మీ అమ్మనీ నాయనమ్మనీ ఎక్కమను."

ఆయన అన్ని మాటలు కలిపి ఒకేసారి మాట్లాడటం నేను వినటం అదే మొదటిసారి. ఆటోలో ఆయన ముందు డ్రైవరు పక్కన కూర్చుని వెనక్కి తిరక్కుండా "గుంతలు చూసి పోనియ్యి బాబూ, ఎనక కట్ట గట్టిగా లేదు" అన్నారు. డ్రైవరు ఆటో వెనక సీటు గురించి అనుకుని, గట్టిగానే ఉంది పెద్దాయనా అని పూచీ ఇచ్చాడు. అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆసుపత్రిలో లేడీ డాక్టరు నన్ను చూసి, చెంబు కాపడం గురించి విని, నొక్కి పిండటం గురించి విని, ముందు అత్తయ్యని కోప్పడింది. తర్వాత మీతో మగవాళ్ళెవరు వచ్చారు, లోపలికి పిలవండి అంది. మామగారు లోపలికి వచ్చారు. ఎదురుగా గోడ మీద బిడ్డకి పాలిస్తున్న తల్లి బొమ్మ ఇంత పెద్దది ఉంది. ఆయన గిరుక్కున తిరిగారు. అటు పక్కన నేనున్నాను. మళ్ళీ తిరిగారు. ఆఖరికి ఆయనకి తల దాచుకోవటానికి బరువు చూసే మిషను ఒక్కటే దొరికింది. దాని ముల్లు మీద చూపు నిలిపి నిలబడ్డారు.

డాక్టరు చెప్పటం మొదలుపెట్టగానే ఆయన పాపని అడిగారు. "పాపా, పాలు ఆపాలా అక్కర్లేదా అడుగు డాక్టరమ్మని."

ఎవరితో మాట్లాడుతున్నారో తెలియక డాక్టరు చుట్టూ చూసింది. తర్వాత అర్థమైనట్టుంది. "ఆపకూడదు. ఇప్పుడు ఒక్కసారిగా ఆపితేనే చీము పట్టే ప్రమాదం. పాప ఆకలికి మామూలుగా పట్టాలి. తల్లి పాల వల్ల పాపకేం కాదు. నొప్పి ఉన్నచోట చల్లటి గుడ్డ వెయ్యండి, గట్టిగా నొక్కొద్దు, మందులు రాస్తున్నా. జ్వరం తగ్గకపోయినా, గడ్డ తగ్గకపోయినా ఎల్లుండి మళ్ళీ తీసుకురండి" అంది.

"ఈ మాట ఇట్టాగే మీ పెద్ద నాయనమ్మకి చెప్పాలి, గుర్తుపెట్టుకో" అన్నారు మామగారు మూడు నెలల పిల్లతో, చాలా గంభీరంగా.

ఇంటికి వచ్చాక పిల్ల తరఫున ఆయనే చెప్పారు. పెద్దత్త కాసేపు మూతి ముడుచుకుని కూర్చుంది. "మా రోజుల్లో చెప్పేవాళ్ళేరి" అని ఎవరితోనో అన్నట్టు అంది. తర్వాత లేచి వెళ్ళి కుండలోని చల్లటి నీళ్ళలో గుడ్డ ముంచి పిండి తెచ్చి నా పక్కన కూర్చుంది. మచ్చ ఉన్న మనిషి చెయ్యి గదా, ఎంత మెత్తగా వేసిందో. మర్నాడు పొద్దున పూలబండి వీధిలోకి వచ్చి అరిచింది. ఇంట్లో ఎవరూ లేచి గుమ్మం దగ్గరికి పోలేదు.

జ్వరం ముందు తగ్గింది, గడ్డ మెల్లగా తగ్గింది. ఆ తర్వాత చాన్నాళ్ళు ఆయన రోజూ వరండాలోంచి "ఏమ్మా, కాలవ పారుతుందా?" అని పాపని అడిగేవారు. "పారుతుంది తాతయ్యా" అని నేను చిన్నపిల్ల గొంతు పెట్టి చెప్పేదాన్ని. ఆయన సిగ్గుపడి దగ్గేవారు. పాప ఉలిక్కిపడి పాలు వదిలేసేది.

చివరి రోజుల్లో మంచం పట్టారు. పాప అప్పటికి బడికి పోతోంది. పగలు నేనొక్కదాన్నే ఉంటే దాహమేసినప్పుడు "నీళ్ళు" అని ఫ్యానుకి చెప్పేవారు. నేను తాగిస్తే గ్లాసు వైపు చూసి తల ఊపేవారు. పోయేదాకా నాతో ఒక్క మాట నేరుగా అనలేదు. పాపను బడి నుంచి తీసుకురావటం ఆలస్యమైన రోజున మాత్రం ఆయనకీ నాకూ కూడా తోచేది కాదు.

ఇప్పుడు పూలావిడ మాట. నవ్వు ఆపుకుని ఆవిడ ఇలా చెప్పింది.

"అప్పుడెప్పుడో, నీ కూతురు చంటిపిల్లప్పుడు, ఎండెక్కినాక సంచీ పట్టుకుని వచ్చాడమ్మా. పూలు కావాలా అంటే వద్దన్నాడు. ఇదిగో, ఈ అరుగు మీద కూచున్నాడు. ఎండలో ఎందుకు, లోపలికి రా అంటే రాడు. వచ్చే పోయే ఆడోళ్ళకి 'తీసుకోండమ్మా, బాగున్నయ్' అని చెప్పటం. నా మొగుడు కూడా ఏనాడూ నా గంప కాడ కూచుని అట్టా అమ్మలా. మధ్యాన్నం దాటింది. ఆఖరి మూర ఎవరో కొనుక్కుని పోయారు. అప్పుడు లేచాడు. అట్టా నాలుగు అడుగులు పోయి, మళ్ళీ ఎనక్కి తిరిగి, అప్పుడే వచ్చినోడి మాదిరి నా ముందు నిలబడి 'అమ్మా, మల్లెపూలు ఉన్నయ్యా?' అన్నాడు. ఇందాకట్నుంచి సూత్తానే ఉంటివిగా, అయిపోయినయ్ అన్నా. 'మళ్ళీ ఎప్పుడొస్తయ్?' అన్నాడు. రేపు పొద్దున అన్నా. 'సరే' అని తలకాయ ఊపి, ఎదురుగా ఆటో పిలుచుకుని పోయాడు. ఈయనకేమైందిరా నాయనా అనుకున్నా."

ఎండలో కమిలిన ఆ మొహం, ఖాళీ సంచీ కళ్ళ ముందు కనపడ్డాయి. చచ్చినా అబద్ధం ఆడని మనిషి, అక్క మాట జవదాటని మనిషి, నా మాట నిలబెట్టటానికి ఊరి వాళ్ళందరి తలల్లో మల్లెపూలు పెట్టించి వచ్చారు. నాకు చెప్పలేదు. పాపకైనా చెప్పలేదు.

ఆవిడ ఎన్ని మూరలు కావాలంది. గంపలో ఉన్నవన్నీ ఇమ్మన్నాను.

ఇంటికి వచ్చి దండ పాప చేతికిచ్చి, ముందు గదిలో ఆయన ఫోటోకి వెయ్యమన్నాను. కుర్చీ ఎక్కి వేసింది. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను.

"తాతయ్యకి చెప్పవే, ఇవాళ మల్లెపూలు దొరికాయని" అన్నాను.

"తాతయ్యా, ఇవాళ మల్లెపూలు దొరికాయంట" అని ఫోటోకి చెప్పి, కాసేపు చూసి, నా వైపు తిరిగింది. "చెప్పాను. ఏమీ అనలేదు."

"అనరులే. వింటారు" అన్నాను.